శివరాత్రి దాకా కత్తెర పక్కన పెట్టండి

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లోనూ చాలా ఇళ్లలో మంచాలు ఊగాయి. ఆ వేళకి మేం నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీ ప్రహరీ వెంట ఎగ్జోరా కంచె కత్తిరిస్తున్నాం. ట్రిమ్మర్ పట్టుకున్న కుర్రాడికి ఏమీ తెలియలేదు. ఆ మెషిన్ అదురులో ఈ అదురు కలిసిపోయింది. కింద కూచుని తుక్కు ఎత్తుతున్న పాలమూరు అక్క మాత్రం అరచెయ్యి నేలకి ఆనించి, "సారూ, భూమి కదిలినట్టయితున్నది" అంది. "టీ టైమైనట్టుంది నీకు" అని నవ్వేశాను. ఇంకో పది నిమిషాలకి అందరి ఫోన్లూ ఒకటే మోత.

ఆ రోజంటే జనానికి భూకంపం గుర్తు. నాకు ఆ కటింగ్ గుర్తు. సరిగ్గా పన్నెండు రోజుల తర్వాత, 16వ తేదీ సోమవారం పొద్దున వెళ్లి చూస్తే ఆ కంచె మాడిన అప్పడాల వరుసలా ఉంది. పైనున్న లేత చిగురంతా నల్లబడి వేలాడుతోంది. కింది ముదురు ఆకు మీద రాగి రంగు మచ్చలు. ఫెసిలిటీ మేనేజర్ గారు అప్పటికే ఫొటోలు తీసి పెట్టుకున్నారు. "ఏం మందు కొట్టారండీ మొక్కలకి?" అని అడిగారు. మందేమీ కొట్టలేదని చెప్పాను. నమ్మలేదు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మాది కడియం దగ్గర కడియపులంక. మా తాత కాలవ గట్టున అరువు చేలో అంట్లు కట్టేవాడు. మా నాన్న నర్సరీ పెట్టాడు. నేను 2005లో హైదరాబాద్ వచ్చి, మాదాపూర్ నుంచి మొదలుపెట్టి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా కంపెనీల తోటల మెయింటెనెన్స్ కాంట్రాక్టులు చేస్తున్నాను. సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో వాజ్‌పేయి గారు ప్రారంభించినప్పుడు చుట్టూ బండలూ, సీతాఫలం పొదలూ ఉండేవని పాతవాళ్లు చెబుతారు. నేను వచ్చేనాటికి బండలు సగం పోయాయి, పొదలు మొత్తం పోయాయి. వాటి స్థానంలో మా ఊరి మొక్కలు దిగాయి. కాబట్టి ఈ వ్యాసంలో నేను ఎవరినైనా తప్పుపడితే, ఆ లెక్కలో నన్నూ కలుపుకుని చదవండి.

ప్రతి డిసెంబరులోనూ ఈ ఐటీ కారిడార్‌లో ఒకటే మాట వినిపిస్తుంది. "ఈసారి చలి బాగా ఎక్కువండీ, మొక్కలు తట్టుకోలేకపోయాయి." రీప్లేస్‌మెంట్ బిల్లు మీద కూడా కారణం కింద అదే రాస్తాం. ఇది సగం అబద్ధం. హైదరాబాద్‌కి చలి కొత్త కాదు. బేగంపేటలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది, ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. చలి మెల్లగా దిగుతూ వస్తే మొక్క సర్దుకుంటుంది. దసరా వెళ్లాక చిగురేయడం తగ్గిస్తుంది, ఉన్న ఆకుని ముదరబెట్టుకుంటుంది, ఆకులో చక్కెర దాచుకుంటుంది. మన అమ్మమ్మలు కార్తీకంలోనే దుప్పట్లు ఎండబెట్టి పెట్టుకోవడం లాంటిదే అది.

ఇప్పటి గొడవ చలి వస్తూ పోతూ ఉండడం.

ఆ డిసెంబరే చూడండి. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. దాని మబ్బు మన నెత్తిమీదికీ వచ్చింది. డిసెంబరు మొదటి వారం రాత్రిళ్లు ఫ్యాను వేసుకుని పడుకున్నాం. ఎగ్జోరాకి క్యాలెండర్ తెలియదు కదా, ఆ వెచ్చదనానికి అది ఆషాఢం అనుకుంది, చిగుళ్లు పెట్టింది. ఆ తర్వాత మబ్బు పోయింది, ఉత్తరం గాలి తిరిగింది, ఆకాశం అద్దంలా అయింది. నెల మధ్యకల్లా సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు వైపు ఒక్క అంకెలోకి పడిపోయింది. క్రిస్మస్ దగ్గర బంగాళాఖాతంలో మళ్లీ అల్పపీడనం, మళ్లీ మబ్బు, చిన్న తుంపర. జనవరిలో మళ్లీ చలి. అంతకు ముందు ఏడాదీ ఇలాంటి ఆటే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పుడు ఇక్కడా మబ్బూ జల్లే. పసిపిల్లకి స్వెటర్ తొడిగి, విప్పి, తొడిగి, విప్పితే జలుబు చేయదూ?

చలికి ఆకులో అసలు ఏం జరుగుతుందో నాకు చాలాకాలం తెలియదు. రాజేంద్రనగర్ వ్యవసాయ కాలేజీలో చదువుకున్న మిత్రుడొకడు కొబ్బరినూనె సీసా చూపించి చెప్పాడు. వేసవిలో నీళ్లలా ఉండే నూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది కదా. వేడి ప్రాంతాల మొక్కల కణాల చుట్టూ ఉండే పొరలో కొవ్వు కూడా అలాగే బిరుసెక్కుతుందట. పొర బిరుసెక్కితే లోపలి ద్రవాలు కారిపోతాయి, ఆకు నల్లబడుతుంది. దీనికి మంచు గడ్డకట్టే చలి అక్కర్లేదు. క్రోటన్, ఎగ్జోరా, అకాలిఫా లాంటి వాటికి పది డిగ్రీల దిగువకి పోతే చాలు, దెబ్బ. పైగా మనం పేపర్లో చదివే డిగ్రీలు నీడలో, పెట్టెలో పెట్టిన థర్మామీటరువి. మబ్బు లేని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది కాబట్టి గాలికంటే మరో రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. పేపర్లో 8 అని ఉంటే ఆకు మీద 5 అనుకోవచ్చు.

అక్కడితో అయిపోదు. పొద్దున ఏడింటికి ఆకు ఇంకా చల్లగానే ఉంటుంది, తూర్పు ఎండ మాత్రం సూటిగా కొడుతుంది. వెలుతురుని వాడుకునే శక్తి ఆకుకి అప్పటికి రాదు. తినలేని వాడికి విస్తరి నిండా వడ్డించినట్టు ఆ వెలుతురే దాన్ని కాలుస్తుంది. అందుకే తూర్పు వైపు కంచెలు ముందుగా మాడతాయి. పడమటి గోడ పక్కనున్న అదే మొక్క, అదే లోడులో వచ్చింది, నిక్షేపంలా ఉంటుంది.

ఇరవై ఏళ్లుగా ఈ రోడ్ల వెంట తిరుగుతూ ఇలాంటివి కొన్ని గమనించాను. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రో వంతెన కిందున్న మొక్కలు దుమ్ము పట్టి దీనంగా ఉంటాయి కానీ, చలికి మాడడం నేను చూడలేదు. నెత్తిన కాంక్రీటు గొడుగు ఉంది, వాటి వేడి ఆకాశంలోకి పోదు. అక్కడికి కొద్ది దూరంలో ఆకాశం కింద ఉన్న మీడియన్‌లో హమేలియా పొద మొత్తం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి "భలే రంగొచ్చింది" అని ఫొటోలు దిగేవాళ్లనీ చూశాను. అది రంగు కాదండీ, వణుకు.

ఇక గాజు. మన భవనాలకి ఒంటినిండా అద్దాలే. ఇందులో ఒక చిత్రం ఉంది, స్కూలు లెక్క వస్తే చాలు అర్థమవుతుంది. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దాటి ఉంది. మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నిలువు గాజు గోడ మీద అతని కిరణాలు జారిపోతాయి. డిసెంబరు మూడో వారం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. ఆ వాలు ఎండ దక్షిణపు గాజు గోడకి ఎదురుగా తగిలి, అద్దంలోంచి వచ్చినట్టు కింద ఉన్న మొక్కల మీదికే దిగుతుంది. అంటే దక్షిణం వైపు కంచెకి చలికాలంలోనే రెండెండలు: ఒకటి ఆకాశం నుంచి, ఒకటి అద్దం నుంచి. రాత్రి వణుకు, పగలు రెండింతల సెగ. లండన్‌లో 2013లో ఒక వంపు గాజు భవనం ఎండని ఒక్కచోటికి గుదిగుచ్చి పంపి కింద ఆపిన జాగ్వార్ కారు భాగాలని కరిగించింది. మన గాజు అంత ఘోరం చేయదులెండి. ఎగ్జోరా ఆకు జాగ్వార్ కన్నా సుకుమారం, అంతే. కొత్తగూడ పక్కనే సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది, 2004లో కలాం గారు ప్రారంభించారు. దాని జాలీ గోడలు చూసొచ్చిన ఆర్కిటెక్టులే రోడ్డుకి ఇటుపక్క నిలువెత్తు అద్దాలు గీస్తారు. నాకు అర్థం కాని విషయాల్లో అదొకటి.

సరే, చలి ఊగిసలాట మన చేతిలో లేదు. గాజు కట్టేశారు, పగలగొట్టలేం. మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఆ డిసెంబరు 4న మేం చేసిన పని.

ఆ వారం ఆ కంపెనీకి విదేశాల నుంచి పెద్దలు వస్తున్నారు. కంచె బల్లలా సమంగా ఉండాలన్నారు. ఆకు తళతళలాడాలి, యూరియా వేయించమన్నారు. నేను "ఇప్పుడొద్దు సార్" అన్నాను. ఒక్కసారే అన్నాను, అదే నా తప్పు. నెలకి రెండు కటింగులు, నెలకి ఒకసారి ఎరువు అని కాంట్రాక్టులో రాసుంది, చేయకపోతే బిల్లులో కోత. కోశాం, యూరియా చల్లాం, నీళ్లు పెట్టాం. కోసిన చోటల్లా లేత చిగురు పొడుచుకొచ్చింది. పైనున్న ముదురు ఆకు రాత్రి చలికి కొంత అడ్డంగా ఉండేది, దాన్ని మేమే తీసేశాం. పైగా యూరియా మేసిన చిగురు నీరుపట్టి మెత్తగా ఉంటుంది. చలి వచ్చేనాటికి మొక్కని ఒంటిమీద చొక్కా లేకుండా నిలబెట్టి ఉంచామన్నమాట. అదే ప్రహరీకి వెనక, జనరేటర్ల పక్కన, ఎవరూ చూడరని మేం కోయకుండా వదిలేసిన ముప్పై నలభై మొక్కలున్నాయి. వాటికి ఆకుల అంచులు తప్ప ఏమీ కాలేదు. జనరేటర్ వేడి అనుకుందామంటే అవి కరెంటు పోతే తప్ప నడవవు.

మాడిన కంచె చూసి వచ్చిన సలహాలు వినండి. ఒకరు ఎగ్జోరా మీది రాగి మచ్చలు తెగులన్నారు, శిలీంధ్రాల మందు కొట్టించారు. అసలు సంగతేమంటే, నేల చల్లబడితే వేరు భాస్వరాన్నీ ఇనుమునీ సరిగా లాగలేదు. దానికి తోడు మన బోరు నీళ్లలో సున్నం, ప్రహరీ కట్టినప్పుడు పూడ్చేసిన సిమెంటు తుక్కు. ఆ మచ్చలూ ఆకుల్లో కనిపించే పసుపూ అందువల్ల వచ్చినవి. మందుతో పోవు, నేల వెచ్చబడితే వాటంతట అవే తగ్గుతాయి. ఇంకొకరు నీళ్లు చాలలేదని స్ప్రింక్లర్ తెల్లవారుజాము ఐదింటికి పెట్టించారు. రాత్రంతా చల్లబడిన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు, వణికే ఆకు మీద. మా నాన్న చలి రాత్రులకి ముందు సాయంత్రం పూట మడికి నీళ్లు పెట్టేవాడు. తడి నేల పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. చదువుకోకపోయినా తెలిసిన సంగతి అది. చదువుకున్న ఫెసిలిటీ ఆఫీసులో చెబితే, సాయంత్రం షిఫ్టు జనం నడిచే దారి తడుస్తుందన్నారు.

మరో చిన్న మాట. చాలా క్యాంపస్‌లలో తోటకి పెట్టేది ఎస్టీపీ నీళ్లు, అంటే శుద్ధి చేసిన మురుగునీళ్లు. మంచిదే, మంజీరా తాగునీళ్లు గడ్డికి పోయడం కన్నా నయం. కానీ వాటిలో ఉప్పు ఉంటుంది. వానాకాలంలో కడుక్కుపోతుంది, చలికాలంలో పైకి తేలి ఆకు కొసలు మాడుస్తుంది. దాన్నీ చలి ఖాతాలోనే రాస్తాం.

జనవరి మొదటి వారంలో ఆ కంచె మొత్తం పీకి కొత్తది నాటమన్నారు. నాలుగు వందల పైచిలుకు మొక్కలు. మా ఊరికి ఫోన్ చేశాను. రాత్రి లోడెక్కితే తెల్లారేసరికి ఇక్కడ దిగుతుంది. కడియం మొక్క ఎలాంటిదో నాకంటే ఎవరికి తెలుసు? గోదావరి కాలవ నీళ్లు, షేడ్‌నెట్ నీడ, గాలి నిండా తేమ. చలికాలం రాత్రి కూడా పద్దెనిమిదికి అటూ ఇటూ. మేనమామ ఇంట్లో గారాబంగా పెరిగిన పిల్లలాంటిది. దాన్ని తెచ్చి ఒక్క రాత్రిలో నానక్‌రామ్‌గూడ గాలికి అప్పగించాం. మొదటి పదిహేను రోజులు పచ్చగా, పటం కట్టించుకునేంత బాగుంది. ఫిబ్రవరి వచ్చింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత వేడి ఫిబ్రవరి లేదని వాతావరణ శాఖ చెప్పింది, 2025 ఫిబ్రవరి సంగతి. వేరు ఇంకా కవరు ముద్ద దాటి బయటికి రాలేదు, పైన ఎండ ఏప్రిల్‌లా ఉంది. సగం పోయాయి. మళ్లీ లోడు.

పీకిన పాత మొక్కలేమయ్యాయని అడగరేం? పారబోయడానికి మనసొప్పక, ట్రాలీలో వేసుకుని మోకిలాలో నేను కౌలుకి తీసుకున్న స్థలానికి తీసుకుపోయాను. పాలమూరు అక్కే ముందు చెప్పింది. ఒక కొమ్మని గోటితో గీరి, బెరడు కింద పచ్చగా ఉన్నది చూపించి, "పానం ఉన్నది సారూ, ఊకెనే పీకిస్తున్రు" అంది. కాలవ తీసి వరసగా పాతిపెట్టి, సాయంత్రం పూట నీళ్లు ఇచ్చాం తప్ప ఎరువు లేదు, కత్తెర లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 26. మార్చి రెండో వారానికి ఆ కట్టెల్లోంచి ఎర్రటి చిగుళ్లు. పదింట ఒకటి చచ్చిందేమో, మిగతావన్నీ బతికాయి. జులైలో అవే మొక్కల్ని తీసుకెళ్లి అదే గోడ వెంట ఖాళీల్లో నాటాను. మొక్కల ఖరీదు వేయలేదు, రవాణా మాత్రం తీసుకున్నాను. ఇవి పాతవేనని మేనేజర్ గారికి చెప్పలేదు. ఇప్పుడు చదివి తెలుసుకుంటారు.

ఆగి చూస్తే మొక్క తిరిగొస్తుందనడానికి మా ఇంట్లోనే ఇంకో కథ ఉంది. మా చెల్లెలు టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 19 డిగ్రీలకి పడిపోయింది, కరెంటు లేదు. గరాజ్‌లోకి చేర్చిన కరివేపాకు కుండీ దక్కలేదు. దానికోసం చెల్లెలు ఫోన్లో ఏడిస్తే మా అమ్మ ఇక్కడ ఏడ్చింది. పెరట్లో గన్నేరు కంచె మొత్తం గోధుమ రంగు. ఇరుగుపొరుగు తవ్వించి పారేశారు. అక్కడి వ్యవసాయ విస్తరణ శాఖ వాళ్లు తొందరపడొద్దు, వసంతం దాకా ఆగి చూడండి అని చెబుతూనే ఉన్నారట. మా బావ బద్ధకస్తుడు కాబట్టి ఆగాడు. మొదళ్ల నుంచి లేచొచ్చింది గన్నేరు. బద్ధకానికి ఫలం దక్కిన సందర్భాలు తోటపనిలో తప్ప ఇంకెక్కడా ఉండవు.

అసలు ఏ మొక్క పెడుతున్నామన్న ప్రశ్న దగ్గరికి రాకుండా ఈ మాట పూర్తి కాదు. ఏ చలికీ చావదని, ఏ ఎండకీ వాడదని ఒకప్పుడు అందరం కోనోకార్పస్ మీద పడ్డాం. నేనూ వేలల్లో అమ్మాను. దాని పుప్పొడి గురించీ వేళ్ల గురించీ గొడవలయ్యాయి, గుజరాత్ 2023లో నిషేధించింది, ఇక్కడ హరితహారంలోనూ దాన్ని నాటొద్దన్నారు. ఒక చివర కోనో, ఇంకో చివర సుకుమారపు ఎగ్జోరా. మధ్యలో మరేమీ లేనట్టు!

జనవరి పొద్దున ఒకసారి సెంట్రల్ యూనివర్సిటీ వైపు వెళ్లి చూడండి. ఊళ్లో అన్నిటికంటే తక్కువ డిగ్రీలు నమోదయ్యే చోట్లలో అదొకటి. బండలూ పొదలూ ఉన్న తెరపి నేల రాత్రికి త్వరగా చల్లబడుతుంది. దాని పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడాన్ని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది, ఆ గొడవ మీకు తెలిసిందే. నేను చెప్పేది వేరే. అంత చలిలో అక్కడి తంగేడు చెక్కుచెదరదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద అది, మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మకి మూలం. ఐటీ కారిడార్‌లో ఒక్క కంపెనీ ముందు కూడా తంగేడు కంచె నాకు కనిపించలేదు. అడిగితే "అది రోడ్డు పక్కన పెరిగేదే కదండీ" అంటారు. సరిగ్గా అందుకే కదా పెట్టమంటున్నది! వాక్కాయ ఉంది, ముళ్లతో దడిలాంటి దడి, ఏడాదంతా ఆకు, పైగా పప్పులోకి కాయ. నందివర్ధనం ఉంది. అడ్డసరం ఉంది. గోరింట కంచె మా చిన్నప్పుడు ప్రతి బడికీ ఉండేది. ఇవన్నీ చలికి అసలు నలగవని చెప్పను, రెండాకులు రాల్చి ఊరుకుంటాయి.

నర్సరీవాడివై ఉండి మీ ఊరి మొక్కని కాదంటావా అని మా వాళ్లు అనొచ్చు. కడియంలో తంగేడు నారు పోయలేరా? కొనేవాడుంటే కడియంలో మంచుకొండ మొక్క కూడా పెంచుతారు. కొనేవాడు అడగాలి, అంతే. ఇంకో మాట కూడా అడగాలి: మొక్క ఇక్కడికొచ్చాక నెల రోజులైనా హైదరాబాద్ శివారులో, తెరపిన, గాలికి అలవాటు పడ్డాకే నాటుతామని.

ఇప్పుడు నా కోరిక చెబుతాను. ఇది ప్రభుత్వాన్ని అడిగేది కాదు. కంపెనీల ఫెసిలిటీ విభాగాలనీ, గేటెడ్ కమ్యూనిటీల తోట కమిటీలనీ అడుగుతున్నాను. మీ కాంట్రాక్టులో "నెలకి రెండు కటింగులు" అన్న వాక్యం పన్నెండు నెలలకీ రాయకండి. నవంబరు సగం నుంచి శివరాత్రి దాకా కంచె కత్తిరింపు ఉండదని రాయండి. యూరియా కూడా ఆ రోజుల్లో ఉండదని రాయండి. ఎండిన మొక్కని మార్చి నెలాఖరు దాకా పీకకూడదని, చలికాలంలో కొత్తవి నాటకూడదని రాయండి. నాటాలంటే జూన్ వానలు ఉండనే ఉన్నాయి. చేయని కటింగుకి డబ్బెందుకివ్వాలని అడిగితే, సబబే, ఆ మూడు నెలలకి తగ్గించి ఇవ్వండి. మా దగ్గర పనిచేసే అక్కలకి మాత్రం ఆ రోజుల్లో పని పోకూడదు, పోనక్కర్లేదు కూడా. రాలిన ఆకుని బ్లోయర్లతో ఊది సంచుల్లో కట్టి పారబోసే బదులు మొక్కల మొదళ్లలో పరచడం, పిండినల్లి పట్టిన మందార కొమ్మల్ని చేత్తో తుడవడం, సిమెంటు ముక్కలు ఏరి మన్ను మార్చడం, ఇదంతా చలికాలం పనే.

దీనివల్ల నాకు నష్టమే. నా ఆదాయంలో రీప్లేస్‌మెంట్ వాటా తక్కువేం కాదు, జనవరి, ఫిబ్రవరి లోడ్ల మీదే మాకు నాలుగు డబ్బులు మిగిలేది. మా తమ్ముడు ఇప్పటికే అలిగాడు.

విదేశీ అతిథి వచ్చినప్పుడు కంచె గోధుమ రంగులో ఉంటే పరువు పోతుందని ఒక మేనేజర్ గారు అన్నారు. వాళ్లు వచ్చేది డిసెంబరులో చెట్లన్నీ మోడువారి ఉండే దేశాల నుంచి కదండీ. చలికాలంలో మొక్క చలికాలంలా ఉంటే వాళ్లేమీ అనుకోరు. అనుకునేది మనమే.

నేను చూసే తొమ్మిది క్యాంపస్‌లకీ ఈ మాటే ఉత్తరం రాసి పంపాను. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకరు "పైవాళ్లని అడిగి చెబుతాం" అన్నారు. మిగతా ఆరింటి నుంచి జవాబు లేదు, నెలకి రెండు కటింగులు నడుస్తూనే ఉన్నాయి.

మీలో చాలామంది రోజూ ఆ గేట్ల ముందు నుంచే లోపలికి వెళతారు. పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా నడిచే దారిలో మాడిన కంచె కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, ఏదైనా కొమ్మని గోటితో కొంచెం గీరి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే, అక్కడ పనిచేసే మా వాళ్లకి కాదు, వాళ్లు ఎప్పుడో చెప్పారు, మీ ఫెసిలిటీ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి, పీకించొద్దని.